శిల్పవిద్యయు గురుధర్మమును

గణితము బోధించు గురువునకు ఒక నిశ్చింత గలదు. తాను చెప్పబోవునది శిష్యునకు తెలియదనియు, తనకు తెలియుననియు ఆయన యెరుగును. చిత్రలేఖనము, శిల్పము, వస్తువుల రూపకల్పన మొదలగువానిని పదుమూడు పదునాలుగేండ్ల బాలబాలికలకు నేర్పబూనినవానికి ఆ నిశ్చింత లేదు. తాను నేర్పవచ్చిన దానికన్న మేలైన విద్య శిష్యుని చేతులలో ముందే కుదురుకొనియున్నచో గురువు చేయవలసిన దేమి? దానిని గుర్తింపనేరక, దానిపై వేరొక దానిని రుద్దినయెడల ఆ దోషమునకు పేరేమి? ఈ ప్రశ్నలు నాకు గ్రంథములలో ఎదురుపడినవి కావు. బస్తరులో ఒక పాఠశాల వసారాలో ఎదురైనవి.

బస్తరు మన ఆంధ్రులకు పరాయి సీమ కాదు. ఇంద్రావతి ఆ సీమ నడుమగా ప్రవహించి వచ్చి గోదావరిలో కలియుచున్నది, శబరియు అట్లే. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు ఆ యడవులకు వెడలి రాజ్యమును నెలకొల్పెనని బస్తరు రాజవంశమున ప్రతీతి. భోపాలపట్నము, కుంట ప్రాంతములలో నేటికిని తెలుగు వినవచ్చును. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడినప్పుడు బస్తరు అందులో చేరినది. 2012లో కొండగావ్ ప్రత్యేక జిల్లా అయినది. ఇత్తడి బొమ్మలు పోతపోయు గడవలు, ఇనుమును సాగగొట్టి దీపస్తంభములు చేయు లోహారులు, సొరకాయ బుర్రలపై కాల్చిన కత్తితో చిత్తరువులు దిద్దువారు, లక్ష్మీజాగరమను హల్బీ గాథను రాత్రులు గానము చేయు స్త్రీలు, ఆ గాథను గోడలపై చిత్రించువారు — వీరందరి సంతానమును కొండగావ్ పరిసరములందలి పాఠశాలలలో ప్రక్కప్రక్కనే బల్లలపై కూర్చుండి భూగోళము చదువుచుందురు.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి యొక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనపు పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుండు భారము నాపై బడినది. నేను చిత్రకారుడను గాను. ఇతర భాషలనుండి గ్రంథములను తెనిగించుట నా పని. అయినను కాషాయము ధరించినవానికి సర్వమును తెలియునని లోకులు తలంతురు. ఆ భ్రమను వారింపకుండుట మాబోంట్లకు కొంత అలవాటే.

పోటీకి ఇచ్చిన విషయము ‘మా యూరు’. నా ముందర నలుబది బొమ్మలు పరచిరి. వానిలో ముప్పదికి పైగా ఒక్క తీరుననే యున్నవి: త్రికోణాకారముగ రెండు మంచుకొండలు, వాని సందున ఉదయించు సూర్యుడు, సూర్యుని క్రిందనుండి వంకరలు తిరుగుచు వచ్చు నది, నదియొడ్డున ఎఱ్ఱ పెంకుల గుడిసె. ఆ బాలబాలికలలో ఒక్కరును మంచుకొండను చూచియుండరు. నల్లబల్లపై ఉపాధ్యాయుడు గీసినదానిని ఆయన గురువు ఆయనకు నేర్పియుండును. ఆ గురువునకు మరియొకరు. ఆ ముప్పదింటిలో రంగులు చక్కగా కలసిన యొకదానికి నేను ప్రథమ బహుమానము నిచ్చితిని.

మిగిలినవానిలో ఒక ఏనుగు బొమ్మ యుండెను. దాని కాళ్లు స్తంభములవలె ఒకే వరుసలో నిలిచియున్నవి. శరీరమంతయు దగ్గరదగ్గరగా సాగిన సన్నని గీతలతో చుట్టబడియున్నది. కన్ను ఒక చిన్న చుట్ట. పైన కూర్చున్న మనుష్యుడు ఏనుగంత యున్నాడు. దానిని గీసిన తొమ్మిదవ తరగతి బాలుని పిలిచి, “నాయనా, ఏనుగునకు చారలుండవు. ఈసారి ఏనుగును బాగుగా చూచి గీయుము” అంటిని. అతడు తల వంచుకొని, “అట్లే, స్వామీజీ” అని వెడలిపోయెను.

రెండు నెలల తరువాత వేరొక కార్యముపై ఆ గ్రామమునకు పోయి, దారి తప్పి, ఆ బాలుని యింటి వాకిటనే నిలువవలసివచ్చినది. తండ్రి గడవ. పని జరుగుచున్నది. నేను అరుగుపై కూర్చుండి ఆ పూటంతయు చూచితిని. చదువరులు చూచియుండరు గావున కొంచెము విస్తరించి చెప్పెదను.

మట్టిలో వరియూక కలిపి పిసికి, ఏనుగు ఆకారమునకు రవ్వంత చిన్నదిగా ఒక ముద్దను చేయుదురు. అది ఎండిన తరువాత పైని మెత్తని మట్టి పూసి, చిక్కుడాకులతో రుద్ది నునుపు చేయుదురు. అటుపిమ్మట మైనము. తేనెపట్టు మైనములో గుగ్గిలము కలిపి కాచి, అడుగున సన్నని రంధ్రములుగల కొయ్యగొట్టములో పెట్టి నొక్కగా, జంతికలవలె పోగులు దిగును. ఆ పోగులను ఒకదాని ప్రక్క నొకటి ఆనించుచు, మట్టి ఏనుగు దేహమంతయు చుట్టుదురు. చుట్టలు చుట్టిన పోగులే కన్నులు, జడలవలె అల్లిన పోగులే గొలుసులు, గంటలు, అంబారీ అంచులు. ఉలి లేదు, చెక్కుట లేదు, ఉన్నదంతయు దారమే. దానిపై మరల మెత్తని మట్టిపూత, ఆపైన ముతక మట్టి. మైనము పోవుటకును లోహము వచ్చుటకును ఒక దారి విడుతురు. ఆ దారి మొదట ఇత్తడి ముక్కలు నింపిన మట్టిమూసను అతికి, అంతయు ఒక్కటే ముద్దగా కొలిమిలో పెట్టుదురు. లోపల మైనము కరగి పోవును. ఇత్తడి కరగి సిద్ధమగును. కొలిమినుండి తీసి తలక్రిందులు చేసినంతనే, మైనము విడిచిన చోటునంతయు లోహము నింపును. చల్లారిన పిదప అచ్చును పగులగొట్టవలసినదే. ఒక అచ్చు ఒక బొమ్మకే సరి. మొహెంజదారోలో దొరకిన నర్తకి ప్రతిమ కూడ ఇట్లు మైనము కరగించి పోతపోసినదే. మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని వోజులును ఈ విద్యయందే జీవించుచున్నారు.

మైనము కరగుట అహంకారము కరగుటవంటిదని నేను మనస్సులో ఒక ఉపమానము నల్లుకొనుచుండగా, ఆ తండ్రి, “స్వామీజీ, పొగ మీవైపు తిరిగినది, కొంచెము జరుగుడు” అనెను. జరిగి చూతును గదా, ఆయన చేతిలో సగము చుట్టిన ఏనుగున్నది. స్తంభములవంటి కాళ్లు. చుట్టవంటి కన్ను. ఒడలంతయు సన్నని గీతలు.

నేను ‘చారలు’ అన్నవి మైనపు పోగులు. ఆ బాలుడు తాను చిన్ననాటినుండి వ్రేళ్లతో నెరిగిన యేనుగును పెన్సిలుతో కాగితముపైకి తెచ్చినాడు. అది ఒక అనువాదము. ఇత్తడి భాషనుండి సీసపుగీత భాషకు, ఒక్క దారమును తెగనీయక, మూలమునకు విధేయుడై చేసిన అనువాదము. ఇరువదేండ్లకు మించి అనువాదమే పనిగా బ్రతికిన నేను దానిని పోల్చలేకపోతిని. మీదుమిక్కిలి, ‘బాగుగా చూచి గీయుము’ అంటిని. ఆ నలుబదిమందిలో చూచి గీసినవాడు అతడొక్కడే.

ఆ రాత్రి నాకు ఏకలవ్యుడు జ్ఞాపకము వచ్చెను. అడవిలో పుట్టిన బాలుడు. మట్టితో గురుప్రతిమను చేసికొని విద్య నేర్చెను. ద్రోణుడు బొటనవ్రేలిని దక్షిణగా పుచ్చుకొనెను. ద్రోణుని దూషించుట మనకందరకును సులభము. కాని ఆ బొటనవ్రేలి విలువ ద్రోణునకు తెలియును, తెలిసియే అడిగెను. నేను విలువ తెలియకయే అడిగితిని. ఏది అధికమైన దోషమో ధర్మజ్ఞులు చెప్పవలెను. నా మట్టుకు నాకు అజ్ఞానము సమాధానముగా తోచలేదు. న్యాయనిర్ణేత పీఠమున కూర్చుండుటకు ముందు తెలిసికొనవలసినది నా విధియే గదా!

ఈ మంచుకొండలు ఎక్కడనుండి వచ్చినవి? పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమున వెలసిన ప్రభుత్వ చిత్రకళాశాలలలో ఐరోపానుండి తెచ్చిన సున్నపు ప్రతిమలను చూచి యథాతథముగ గీయుట ప్రధానమైన అభ్యాసము. ఆ పద్ధతి మెల్లగా పలుచబడి, క్రిందికి దిగి, పాఠశాలలలో ‘డ్రాయింగు’ అయినది. 1896లో కలకత్తా కళాశాలకు అధ్యక్షుడైన హావెల్ దొర భారతీయ కళకు అచ్చట అగ్రస్థానము నిచ్చి, పాశ్చాత్య ప్రతిమలను తొలగింప నుద్యమించినప్పుడు, ఎదురు తిరిగినవారు విద్యార్థులే. పరాయి కన్ను అలవడినవానికి తన కన్ను తిరిగి యిచ్చినను అవమానముగనే తోచును.

మన నాట వేరొక రీతియు నడచినది. రాజమహేంద్రవరపు కళాశాలకు అధ్యక్షుడైన కూల్డ్రే దొర దామెర్ల రామారావులోని చిత్రకారుని బాల్యముననే గుర్తించి ప్రోత్సహించెను. రామారావు 1923లో రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో ఇరువదియెనిమిదవ యేటనే కన్నుమూసెను. మచిలీపట్నమున ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు నేర్పగా అడివి బాపిరాజు నేర్చెను. ఈ గురువుల గొప్పతనము వారికి తెలిసిన విద్యయందు కొంతయే యున్నది. శిష్యునిలో నున్నదానిని చూచి, తాము కొంత ప్రక్కకు తొలగి నిలుచుటయందు అధికముగా నున్నది. 1937లో వార్ధాలో గాంధీజీ సమావేశపరచిన విద్యావేత్తల యెదుట వచ్చిన ప్రధాన విషయము ఒక చేతిపనిని కేంద్రముగా నుంచుకొని చదువంతయు చెప్పుట. ఇటీవలి కాలమున 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము పదవ తరగతివరకు కళలు బోధనాంశముగ నుండవలెనన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరునుండి ఎనిమిదవ తరగతివరకు గల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేక స్థానిక వృత్తికారుల కడ నేర్వవలెనన్నది. కాగితముపై లోపము లేదు. అయినను ఆ కాగితమును చదివినవాడు ఏనుగు గీతలను చారలనగలడు. నేను చదివియే యుంటిని.

మన పూర్వులకు ఈ విషయము తెలియును. ఆంగ్లములోని ఆర్ట్, క్రాఫ్ట్, డిజైన్ అను మూడు మాటలను తెనిగింపవలసి వచ్చినపుడెల్ల నేను కళ, చేతిపని, రూపకల్పన అని మూడు గదులుగా పంచుచుందును. పంచిన ప్రతిసారియు అసంతృప్తియే. ప్రాచీనులకు ‘శిల్పము’ అన్న ఒక్క మాట చాలినది. ఐతరేయ బ్రాహ్మణము శిల్పములను ఆత్మసంస్కారముగ చెప్పినది: చేయువాడు వస్తువును సంస్కరించుచు తన్నుతాను సంస్కరించుకొనును. విష్ణుధర్మోత్తరమున వజ్రుడను రాజు ప్రతిమాలక్షణమును నేర్వగోరగా, మార్కండేయ మహర్షి అందులకు చిత్రము తెలియవలెననియు, చిత్రమునకు నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము తెలియవలెననియు వెనుకకు వెనుకకు నడిపించుకొని పోవును. లక్ష్మీజాగరము పాడు తల్లులయొద్దను, దానిని గోడపై గీయు చేతులయొద్దను ఆ గొలుసు ఇంకను తెగలేదు. తెగినది పాఠశాల గంటలో.

ఇంతవరకు నాకు అనుమానము లేకుండెను. పశ్చాత్తాపముతో మరల ఆ గడవ యింటికి పోయి, కుమారుడు పోటీలో గీసిన బొమ్మ సంగతి చెప్పి, ఇట్టి మహత్తరమైన విద్యను ఆ బాలుడు విడువరాదనియు, కులవిద్యయే అతని స్వధర్మమనియు ఏదో గంభీరముగ పలికితిని. ఆయన హల్బీలో మెల్లగా చెప్పిన సమాధానమును నాకు చేతనైనట్లు తెనిగించుచున్నాను. “కొలిమి పొగ నా కన్నులను తినివేసినది, స్వామీజీ. ఇత్తడి ధర నాకు తెలియును. బొమ్మ ధర కొట్టువానికి తెలియును. వానిని మీరు ఇచ్చటనే కూర్చుండుమనుచున్నారు. మీ బిడ్డయైనచో ఇట్లే చెప్పుదురా?” కొంతసేపటికి, ఏ కోపమును లేకుండ, “మీకు బిడ్డలు లేరు గదా” అనెను.

నేను మాటలాడలేదు. మొదట బాలుని విద్యను చూడక తప్పుచేసితిని. పిదప విద్యను మాత్రమే చూచి బాలుని మరచితిని. రెండవది మొదటిదానికన్న చూచుటకు అందముగా నుండును గావున మరింత ప్రమాదకరమైనది. నగరములలో గోడలకు అలంకారముగ గడవ బొమ్మలను వ్రేలాడదీసికొని, ‘ఈ కళ నశింపరాదు’ అని నిట్టూర్చువారు అనేకులు. కళ నశింపకుండుటకు ఎవని కన్నులు నశింపవలెనో వారు చెప్పరు. గీతలోని స్వధర్మమను మాటను పరుని మెడకు పలుపుగా వాడుట మనకు పాత అలవాటు. ధర్మవ్యాధుని కథనే చూడుడు. కౌశికుడను బ్రాహ్మణుడు మిథిలకు పోయి, మాంసవిక్రేతయైన వ్యాధునికడ ధర్మమును నేర్చెను. నేర్చుకొనుటయే ఆయన పని. నీ కుమారుడును ఈ యంగడిలోనే కూర్చుండవలెనని కౌశికుడు విధించినట్లు ఆ కథలో లేదు.

అట్లని ఆ విద్యకు భవిష్యత్తు లేదనుటయు సత్యము కాదు. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ తండ్రితాతల కొలిమియొద్దనే నేర్చి, జాతీయ పురస్కారము నొంది, తన బొమ్మలను విదేశములకు గొనిపోయి, 2014లో కీర్తిశేషుడైనాడు. 1982లో భోపాలున వెలసిన భారత భవనమున చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసుల కృతులను నగర చిత్రకారుల కృతులతో సమాన స్థానమున నిలిపెను. 2008లో బస్తరు ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును రక్షించును; బొమ్మ ధరలో ఎంత భాగము గడవ చేతికి చేరునన్నది వేరొక లెక్క. ఆ తండ్రి ప్రశ్న ఆ లెక్కనుండి పుట్టినదే.

అయినచో పాఠశాల ఏమి చేయవలెను? నా బుద్ధికి తోచినది ఒక్కటి. గడవ విద్యను గడవ పిల్లలకే నేర్పుట కులమును బడిలోనికి తెచ్చుట యగును. దానిని అందరకును నేర్పవలెను: కిరాణాకొట్టువాని కుమార్తెకు, గోండు బాలునకు, పటవారి కుమారునకు. అప్పుడది ఒక కులపు బరువు గాక విద్య యగును. గడవ బాలుడు దానిని పట్టుకొనుటకును విడుచుటకును సమానముగ స్వతంత్రుడగును. నేర్పువాడు గడవయే కావలెను. ఆయనకు ఉపాధ్యాయునికి వలెనే వేతనము ముట్టవలెను. ఈ మాట నేను ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయునితో చెప్పితిని. ఆయన ఉదారుడు. శనివారములు ఇచ్చెను, పారితోషికమునకు దారియు చూచెను.

మొదటి శనివారమున ఒక చిన్న చిక్కు వచ్చినది. గౌరవార్థము ఆ తండ్రికి కుర్చీ వేసిరి. కుర్చీపై కూర్చుండి మైనపు పోగులు తీయుటకు వీలుపడదు. ఆయన కొంతసేపు ఇబ్బందిపడి నేలపై కూర్చుండెను. ప్రధానోపాధ్యాయుడు కుర్చీలోను, గురువు నేలపైను ఉండుట అందరకును కంటగింపుగా తోచినది. చివరకు మేమందరమును నేలపైననే కూర్చుంటిమి.

నెల దినములు పోగులు తీయుటయే సరిపోయెను. పిదప పిల్లలకొక సమస్య నిచ్చితిమి: వసతిగృహపు నీటికుండలో చేతులు ముంచకుండ నీరు తీయు సాధనమును కల్పింపుడు. రూపకల్పన యనగా నేమో నాకు ఆ వారములలో తెలిసినది. మొదట గీసినవన్నియు అందమైనవే. ప్రతి గరిటె పిడిపైనను ఏనుగో నెమలియో యున్నది. ఏనుగు గీసిన ఆ బాలుడే అడిగెను: దీనిని ఎక్కడ తగిలింతురు? గరిటె అంతయు ఇత్తడియైనచో చిన్నపిల్లలు ఎత్తగలరా? కిరాణాకొట్టువాని కుమార్తె ఆరవ తరగతి పిల్లల మోచేతులను దారముతో కొలచి తెచ్చెను. భోపాలపట్నపు వైపునుండి వచ్చిన ఒక తెలుగు బాలిక, “మా అమ్మమ్మ సొరబుర్రతో ముంచును, స్వామీజీ, తేలికగా నుండును” అనెను. కడపట తేలినది: సొరబుర్ర గిన్నె, ఇత్తడి పిడి, పిడి కొనను కుండ యంచుకు తగులుకొను కొక్కెము. కొక్కెమే ఏనుగు తొండము. ఏనుగు ఉండుటకు ఇప్పుడొక కారణము దొరకినది. ఆ తండ్రి దానిని త్రిప్పి త్రిప్పి చూచి, తన యింట ఇట్టిది ఎన్నడును చేయలేదనెను.

పోతపోసిన దినమున ఆరు అచ్చులను పగులగొట్టిరి. ఐదు నిండినవి. ఆరవది ఆ తెలుగు బాలికది. తొండము సగమునకే ఆగిపోయినది. ఉపాధ్యాయుడు మార్కుల పుస్తకముతో నిలుచుండి, దీనికెన్ని వేయవలెనని నన్నడిగెను. నేను న్యాయనిర్ణేతగా మరల కూర్చుండుటకు ఒప్పుకొనలేదు. గడవ ఆ సగము తొండమును చేతిలోనికి తీసికొని, కొనను గోటితో గీకి, బాలికను దగ్గరకు పిలిచి చూపెను: ఇచ్చట మట్టి దిగి దారి మూసికొన్నది, లోహము వచ్చినది, పోవుటకు చోటు లేక నిలిచినది, ఈ వంపుకడ పోగును కొంచెము లావుగా పెట్టియుండవలసినది. ఆమె నోటుపుస్తకము తెరచి, ఆ వంపును బొమ్మ గీసి, ప్రక్కన వ్రాసికొనెను. తండ్రి వెనుకనుండి చూచుచున్న బాలుడు, పోగు లావు అంత చాలదనియు, దారినే మరియొక వైపునుండి విడువవలెననియు అనెను. తండ్రి ఒప్పుకొనలేదు. వారిరువురును కొంతసేపు వాదులాడిరి. మార్కుల గడి సాయంకాలమువరకు ఖాళీగనే యుండెను.